పదమూడో నెల

ఇరవై రెండేళ్లు అడిస్ అబాబాలో లాడా టాక్సీ నడిపాను.
నీలం కింద, తెలుపు పైన,
తలుపు మూస్తే వీధి చివర కుక్క లేచేది.
దానికి జబ్బు చేస్తే ముందు నాకే తెలిసేది:
మూడో గేరులో దగ్గు,
ఎంటోటో కొండ ఎక్కుతుంటే ఆయాసం.
సుత్తితో రెండు, బూతుతో ఒకటి,
అంతే వైద్యం.

ఇప్పుడు ఈ కొత్తది.
పెట్రోలు తాగదు, పొగ వదలదు.
లోపల కూర్చుంటే నా ఊపిరి నాకే వినబడి
మొదటి వారం కొంచెం భయపడ్డాను.

చైనాలో, చైనా వాళ్లకే అమ్మాలని చేసిన బండి,
జిబూతీ రేవు దాటి నా దాకా వచ్చింది.
మాట మాత్రం అక్కడిదే.
మెర్కాటోలో ఫోన్లు బాగుచేసే ఎర్మియాస్
రెండు రోజులు వైర్లు గుచ్చి
దాని నోట ఇంగ్లీషు పలికించాడు.
డబ్బు లెక్కపెట్టుకుంటూ ఒక్కటే చెప్పాడు:
"గాషే, అప్‌డేట్ అడుగుతుంది. ఒప్పుకోకు.
ఒప్పుకున్నావా, నేర్పిందంతా మరిచిపోతుంది."

అడిగింది.
ప్రతి రాత్రీ, అప్పులవాడికన్నా మర్యాదగా అడిగింది.
ప్రతి రాత్రీ "తర్వాత" నొక్కాను.
కరెంటు పోయి సగం కడుపుతో పడుకున్న రాత్రుల్లోనూ
తిండి సంగతి ఎత్తలేదు,
దానికి కావలసింది అదొక్కటే అన్నట్టు.

మాకు ఏడాదికి పదమూడు నెలలు.
పన్నెండు ముగిశాక, కొత్త ఏడుకి ముందు,
ఐదు రోజుల పగుమే.
నెల జీతగాళ్లకు జీతం రాని నెల,
వానలో తడిస్తే దీవెన అనుకునే నెల.
బండి లెక్కలో అది లేదు.
ఆ లేని నెలలో రెండో రోజు,
మా గడియారంలో రాత్రి ఎనిమిది, దానికి రెండు,
మా అమ్మాయి ఫెవెన్ ముందు సీట్లో ఫోను మరిచింది,
హాట్‌స్పాట్ కట్టెయ్యడమూ మరిచింది.
ఇక నన్ను అడగలేదు.

తెల్లారి ఒంటిగంటకు, మీకైతే ఏడు,
తలుపు తీస్తే తెర నిండా
చిన్న చిన్న ఇళ్లలా కప్పులున్న అక్షరాలు.
ఆ అమ్మాయి గొంతు అదే, మాట వేరు,
తెలిసిన మనిషి మొహం తిప్పుకుని
ఇంకెవరితోనో మాట్లాడుతున్నట్టు.

ఆరోజు మొదటి బేరం ఎమాహోయ్ వెలెత్తె,
పసుపు టోపీ, చేతికర్ర,
ఎనభై దాటిన సన్యాసిని.
షిరో మేడా నుంచి దిగుతుంటే వాన దంచింది,
అద్దం లోపలంతా ఆవిరి.
ఆవిరి తుడిచే బొమ్మ నిన్నటిదాకా ఎక్కడుందో అక్కడ నొక్కాను.
ఆమె సీటు నడుం పిసకడం మొదలెట్టింది.
ఇంకోటి నొక్కాను. గట్టిగా పిసికింది.
"క్షమించాలి ఎమాహోయ్, దీని భాష నాకు రాదు."
ఆమె కళ్లు తెరవలేదు.
"చర్చిలో అయ్యవార్లు చదివే గీజ్
నీకు ఒక్క ముక్క వచ్చా?
అయినా తెల్లవారుజాము నుంచి నిలబడవూ?
ఉండనీ. ఆ నడుం దగ్గర ఇంకాసేపు."

కిటికీ దించి, మోచేతి దాకా తడుస్తూ,
చొక్కా చేతితో అద్దం తుడుచుకుంటూ
రెండో గేరు వేయబోయాను.
చెయ్యి గాలిని పట్టుకుని వెనక్కొచ్చింది.

ఎర్మియాస్ పండక్కి ఊరెళ్లాడు.
ఈలోగా మూడు మాటలు పట్టుబడ్డాయి:
మలుపుకి ముందు ఒకటి,
బెల్టు పెట్టుకోకపోతే ఒకటి,
నేను దిగేటప్పుడు మెల్లగా ఒకటి.
అర్థాలు తెలీవు.
మూడోదానికి మాత్రం "ఇషీ" అంటాను,
సరేలే అని.

నిన్న రాత్రి మళ్లీ అడిగింది.
రెండు మీటలు, పక్కపక్కన,
రెండిటి మీదా ఆ కప్పుల అక్షరాలే.
వేలు మధ్యలో నిలబెట్టి
చార్జింగ్ దీపం వెలిగి, ఆరి, వెలిగేదాకా చూశాను.
వాటిలో ఒకటి "తర్వాత".
ఏదో దానికి తెలుసు.